ఫిజికల్ కెమిస్ట్రీ టెక్స్ట్‌బుక్ రాసిన మూర్ గారే ష్రోడింగర్ జీవితచరిత్ర రాశారు – చదివినవాళ్లున్నారా?

పాతపుస్తకాల_పిచ్చి
ఎంఎస్సీ కెమిస్ట్రీ చేసినవాళ్లకి వాల్టర్ మూర్ పేరు పరిచయం చెయ్యక్కర్లేదు. ఆయన ‘ఫిజికల్ కెమిస్ట్రీ’ మొదటిసారి 1950లో వచ్చింది, 1972లో నాలుగో ఎడిషన్ వచ్చింది, మన దేశంలో ఎన్ని బ్యాచ్‌లు దాని మీద పరీక్షలు రాసి పాసయ్యాయో లెక్కలేదు. అదే మూర్ 1989లో, క్వాంటం మెకానిక్స్‌లో తరంగ సమీకరణం రాసిన ఫిజిసిస్ట్ ఎర్విన్ ష్రోడింగర్ మీద 500 పైచిలుకు పేజీల జీవితచరిత్ర రాశాడని చాలామందికి తెలీదు. పేరు ‘ష్రోడింగర్: లైఫ్ అండ్ థాట్’, కేంబ్రిడ్జ్ యూనివర్సిటీ ప్రెస్ వేసింది. మూర్ 1918లో న్యూయార్క్‌లో పుట్టాడు, అమెరికాలో ఇండియానా యూనివర్సిటీలో ఏళ్ల తరబడి పాఠాలు చెప్పి, తర్వాత ఆస్ట్రేలియా వెళ్లి సిడ్నీ యూనివర్సిటీలో ప్రొఫెసర్‌గా చేశాడు. అంటే డెబ్బై దాటాక ఈ పుస్తకం బయటికొచ్చింది.

నేను సగం వరకు వచ్చాను. రెండు విషయాలు అడగాలనుంది. ఒకటి, ఫిజిసిస్ట్ జీవితం కెమిస్ట్ రాయడంలో ఏమన్నా లాభం ఉందా, లేక ఫిజిక్స్ వాళ్లే రాసుంటే బాగుండేదా? రెండోది, ష్రోడింగర్ వ్యక్తిగత జీవితం మీద ఈమధ్య చాలా గొడవ జరిగింది కదా, దాన్ని మూర్ ఎలా రాశాడని మీరనుకుంటున్నారు?

గోదావరి_మాస్టారు
మంచి టాపిక్ తీశారు. నేను డిగ్రీ కాలేజీలో ఫిజికల్ కెమిస్ట్రీ చెప్పి రిటైరయ్యాను. ముందు టెక్స్ట్‌బుక్ గురించి చెప్పనివ్వండి, ఎందుకంటే ఆ మనిషి ఎవరో తెలియకపోతే జీవితచరిత్ర ఎందుకు అలా రాశాడో అర్థం కాదు.

మా రోజుల్లో రెండు రకాల పుస్తకాలు ఉండేవి. ఒకటి గ్లాస్‌స్టోన్ లాంటివి, అందులో లేనిది ఉండదు, కానీ కుర్రాడు తెరిస్తే భయపడతాడు. రెండోది మన దేశంలో రాసినవి, పరీక్షకి ఏది కావాలో అది ఉంటుంది, ఆ సూత్రం ఎక్కణ్ణుంచి వచ్చిందో ఉండదు. మూర్ ఈ రెండింటి మధ్య కూర్చున్నాడు. థర్మోడైనమిక్స్‌తో మొదలెడతాడు, ముందు పదార్థం మొత్తంగా ఎలా ప్రవర్తిస్తుందో చూపించి, ఆ తర్వాతే అణువులు, పరమాణువులు, క్వాంటం. ఏ ఊహ ఎవరికి, ఏ ఇబ్బంది వల్ల వచ్చిందో ఒక పేరాలోనో రెండు పేరాల్లోనో చెప్పి మరీ సమీకరణంలోకి దిగుతాడు. కార్నో ఎందుకు ఆవిరి ఇంజను గురించి ఆలోచించాడో తెలిశాక ఎంట్రోపీ చెప్పడం నాకు చాలా తేలికయ్యేది. పిల్లలు నిద్రపోయేవాళ్లు కాదు.

ఇంకో చిన్న పుస్తకం ఉంది ఆయనది, ‘సెవెన్ సాలిడ్ స్టేట్స్’, 1967. ఉప్పు, బంగారం, సిలికాన్, ఉక్కు, నికెల్ ఆక్సైడ్, కెంపు, ఆంత్రసీన్, ఈ ఏడు ఘనపదార్థాలు పట్టుకుని సాలిడ్ స్టేట్ మొత్తం చెప్తాడు. ఉప్పు దగ్గర అయానిక్ బంధం, బంగారం దగ్గర లోహబంధం, కెంపు దగ్గర లేజర్. సిద్ధాంతం చెప్పి చివర్లో ఉదాహరణ ఇవ్వడం కాదు, ముందు వస్తువు చేతిలో పెట్టి దాన్నుంచి సిద్ధాంతం లాగడం. జీవితచరిత్రలోనూ అదే పని చేశాడని నా అభిప్రాయం. మనిషిని ముందు పెట్టి, ఆ మనిషిలోంచి సమీకరణం లాగాడు.

వైజాగ్_నీలిమ
నేను మొత్తం చదివాను, పెద్ద పుస్తకమే. మాస్టారు చెప్పింది నిజం. కెమిస్ట్ రాయడం వల్ల లాభమే జరిగింది. ఎలాగో చెప్తాను.

ష్రోడింగర్ ఇంట్లోనే కెమిస్ట్రీ ఉంది. అమ్మ తరఫు తాత అలెగ్జాండర్ బావర్ వియన్నా టెక్నికల్ యూనివర్సిటీలో కెమిస్ట్రీ ప్రొఫెసర్. నాన్న కుటుంబ వ్యాపారం చూసుకుంటూనే వృక్షశాస్త్రం మీద పనిచేసేవాడు. ఇలాంటివి ఫిజిక్స్ వాళ్లు రాస్తే ఒక లైనులో దాటేస్తారు, మూర్ దాటెయ్యలేదు. ఆపైన వియన్నా యూనివర్సిటీ. బోల్ట్స్‌మన్ 1906లో ఆత్మహత్య చేసుకున్నాడు, సరిగ్గా అదే ఏడాది ష్రోడింగర్ అక్కడ చేరాడు. పాఠం వినే అవకాశం దక్కలేదు కానీ బోల్ట్స్‌మన్ స్థానంలోకి వచ్చిన హాసెనోర్ల్ దగ్గర చదువుకున్నాడు. ఆ హాసెనోర్ల్ 1915లో యుద్ధంలో చనిపోయాడు. ష్రోడింగర్ కూడా ఆ యుద్ధంలో ఇటలీ సరిహద్దు వైపు ఫిరంగి దళంలో ఆఫీసరు. బోల్ట్స్‌మన్ అంటే స్టాటిస్టికల్ మెకానిక్స్ (కోట్ల అణువుల సగటు ప్రవర్తన లెక్కకట్టే శాస్త్రం), స్టాటిస్టికల్ మెకానిక్స్ అంటే ఫిజికల్ కెమిస్ట్రీకి పునాది, కాబట్టి ఈ భాగం మూర్ చేతిలో పడటం మన అదృష్టం.

ఆ తర్వాత జ్యూరిక్. 1921 నుంచి అక్కడ ప్రొఫెసర్. క్షయ అనుమానంతో 1922లో అరోసా అనే కొండ ఊళ్లో శానిటోరియంలో నెలల తరబడి ఉన్నాడు. 1925 క్రిస్మస్‌కి మళ్లీ అదే అరోసా వెళ్లాడు, ఈసారి భార్యతో కాదు, వియన్నాలో పాత స్నేహితురాలు ఒకామెతో. ఆమె ఎవరో ఇప్పటికీ తెలీదు, ఆ కాలం డైరీ దొరకలేదు. తిరిగొచ్చాక 1926 జనవరి 27న మొదటి పేపరు ‘అన్నాలెన్ డెర్ ఫిజిక్’ పత్రికకి అందింది. ఆపైన ఆరు నెలల్లోపే అదే శీర్షిక కింద ఇంకో మూడు, మధ్యలో హైసెన్‌బర్గ్ మాత్రికల పద్ధతీ తన పద్ధతీ ఒకటేనని చూపించే పేపరు ఇంకొకటి. అప్పటికి ఆయన వయసు 38. క్వాంటం మెకానిక్స్ అంతా పాతికేళ్ల కుర్రాళ్లు కట్టిన రోజుల్లో ఇది మామూలు విషయం కాదు.

అన్నట్టు దీనికి ముందు జ్యూరిక్ సెమినార్‌లో డిబై అనే శాస్త్రవేత్త, “పదార్థానికీ తరంగ స్వభావం ఉందన్న డి బ్రోయ్ ఊహ చెప్తున్నావు, తరంగం ఉంటే దానికి తరంగ సమీకరణం ఉండాలి కదా” అన్న అర్థంలో అడిగాడని ఒక కథనం ఉంది. ఆ డిబైకి నోబెల్ వచ్చింది కెమిస్ట్రీలో, 1936లో. చూశారా, ఎటు తిరిగినా కెమిస్ట్రీ తగులుతుంది.

ఇంటర్_ఎంపీసీ_కుర్రాడు
అందరికీ నమస్కారం. ఇంటర్ ఫస్టియర్ కెమిస్ట్రీలో మొదటి చాప్టరే పరమాణు నిర్మాణం. అందులో ష్రోడింగర్ తరంగ సమీకరణం ఇచ్చి, కింద “సై” అంటే తరంగ ప్రమేయం, దాని వర్గం సంభావ్యత అని రాసి వదిలేశారు. మా సార్ని అడిగితే డిగ్రీలో తెలుస్తుంది, ఇప్పుడు బట్టీ పట్టెయ్ అన్నారు. అసలు ఆ సమీకరణం నుంచి శక్తి స్థాయిలు ఎలా వస్తాయి? బోర్ అయితే కోణీయ ద్రవ్యవేగం ఇలాగే ఉండాలి అని ముందే పెట్టేసుకున్నాడు. ష్రోడింగర్ కూడా అలాగే ఏదో ఒకటి పెట్టుకున్నాడా? చాలా టెన్షన్‌గా ఉంది, ఎవరన్నా చెప్పండి ప్లీజ్.

ఓయూ_ఫిజిక్స్
తమ్ముడూ, నువ్వడిగిందే అసలు ప్రశ్న. చాలామంది ఎంఎస్సీ అయ్యాక కూడా ఈ ప్రశ్న అడగరు.

బోర్ 1913లో పెట్టుకున్నది నియమం. ఎందుకు అంటే జవాబు లేదు, లెక్క సరిపోతోంది అంతే. ష్రోడింగర్ అలాంటి పూర్ణాంకం ఏదీ ముందు పెట్టలేదు. వీణ తీగ రెండు చివర్లా బిగించి మీటితే కొన్ని పౌనఃపున్యాలే పలుకుతాయి, ఏది పడితే అది పలకదు. ఎవరూ ఆ తీగకి “నువ్వు పూర్ణాంకాల్లోనే కంపించు” అని చెప్పలేదు, చివర్లు కదలకూడదు అన్న షరతే ఆ పని చేస్తుంది. ఇదీ ఊహ.

ఇప్పుడు హైడ్రోజన్‌కి రా. ఎలక్ట్రాన్ కేంద్రకానికి కట్టుబడి ఉంది, కాబట్టి చాలా దూరం వెళ్తే సై విలువ సున్నాకి దగ్గరవ్వాలి. ఇదే అసలు షరతు. శక్తికి నీకు తోచిన రుణ విలువ ఒకటి తీసుకుని సమీకరణం సాధించు. దూరంలో ఆ సాధనకి రెండు ముక్కలుంటాయి, ఒకటి దూరం పెరిగేకొద్దీ అణిగిపోతుంది, ఇంకోటి అదే పనిగా పెరిగిపోతుంది. మామూలుగా ఏ విలువ తీసుకున్నా ఆ పెరిగిపోయే ముక్క వచ్చి కూర్చుంటుంది, సై అనంతానికి ఎగిరిపోతుంది, అంటే అలాంటి ఎలక్ట్రాన్ పరమాణువులో ఉండలేదు. కొన్ని ప్రత్యేకమైన శక్తి విలువల దగ్గర మాత్రం ఆ ముక్క గుణకం సరిగ్గా సున్నా అవుతుంది. లెక్కలో చెప్పాలంటే సై కోసం రాసుకున్న శ్రేణి ఎక్కడో ఒకచోట ఆగాలి, ఆగాలంటే ఒక సంఖ్య 1, 2, 3 ఇలా పూర్ణాంకం కావాలి. ఆ పూర్ణాంకమే నీ పుస్తకంలో ప్రధాన క్వాంటం సంఖ్య.

ఆ విలువలు ఎంతో చూడు. మొదటిది మైనస్ 13.6 ఎలక్ట్రాన్ వోల్టులు, రెండోది దాన్ని 4తో భాగిస్తే మైనస్ 3.4, మూడోది 9తో భాగిస్తే మైనస్ 1.51. మూడో స్థాయి నుంచి రెండోదానికి దిగితే 1.89 ఎలక్ట్రాన్ వోల్టుల కాంతి బయటికొస్తుంది, దాని తరంగదైర్ఘ్యం దాదాపు 656 నానోమీటర్లు. అదే నీ ఫిజిక్స్ ల్యాబ్‌లో హైడ్రోజన్ ట్యూబ్‌లో కనిపించే ఎర్ర గీత, బామర్ శ్రేణిలో మొదటిది. కాగితం మీద ఒక షరతు పెడితే గాజు గొట్టంలో ఎర్ర గీత రావడం, అదయ్యా 1926 జనవరి పేపరు. శీర్షికలోనే ఆయన క్వాంటైజేషన్ (శక్తి విడివిడి స్థాయిల్లోనే ఉండటం) అంటే ఐగెన్ విలువల (షరతుకి సరిపోయే ప్రత్యేక విలువల) సమస్య అని చెప్పేశాడు.

ఈ లెక్క ఆయనకీ ఒక్కరోజులో రాలేదు, గణితంలో హెర్మన్ వైల్ సాయం తీసుకున్నాడు, పేపరులోనే ధన్యవాదాలు చెప్పాడు. నువ్విప్పుడు రాకపోతే బెంగపడక్కర్లేదు. కానీ బట్టీ మాత్రం పట్టకు.

ఇంటర్_ఎంపీసీ_కుర్రాడు
అన్నా, చాలా థ్యాంక్స్. మొదటిసారి అర్థమైంది. ఇది పుస్తకంలో ఎందుకు రాయరు?

గోదావరి_మాస్టారు
రాయొచ్చు బాబూ. తెలుగు అకాడమీ పుస్తకాలు తెలుగు మీడియం పిల్లలకి చేసిన మేలు తక్కువేం కాదు, ‘ఆర్బిటాల్’ దగ్గర్నుంచి ‘సంకరీకరణం’ దాకా పదాలన్నీ అవే అలవాటు చేశాయి. కానీ సిలబస్‌లో ఇన్ని పేజీలు అని హద్దు పెట్టాక రాసేవాడికి ఆ సూత్రం పుట్టిన ఇబ్బంది చెప్పే చోటు ఉండదు. అందుకే నేను మూర్ పుస్తకం పక్కన పెట్టుకుని క్లాసుకి వెళ్లేవాణ్ణి.

సీమ_చిన్నోడు
మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి. ష్రోడింగర్ ఉపనిషత్తులు చదివే ఆ సమీకరణం కనిపెట్టాడని వాట్సాప్‌లో తిరిగే మెసేజ్ ఉంది కదా, దానికి ఆధారంగా ఈ మూర్ పుస్తకమే చూపిస్తారు. మన వేదాంతం గొప్పదనం ఒక అమెరికా కెమిస్టే ఒప్పుకున్నాడు అని. ఇది నిజమేనా? నిజమైతే గర్వంగానే ఉంటుంది.

వైజాగ్_నీలిమ
ఇందులో నిజం ఎంతవరకు ఉందో చెప్తాను. ష్రోడింగర్ ముందు జర్మన్ తత్వవేత్త షోపెన్‌హావర్‌ని చదివాడు, అక్కణ్ణుంచి ఉపనిషత్తుల దగ్గరికి వచ్చాడు. పైపైన చదవడం కాదు, జీవితాంతం దాన్ని నమ్మాడు. 1925లో, అంటే సమీకరణానికి ముందే, తన ప్రపంచ దృక్పథం మీద ఒక వ్యాసం రాసుకున్నాడు, అందులో వేదాంతం ఉంది. 1944లో వచ్చిన ఆయన పుస్తకం ‘వాట్ ఈజ్ లైఫ్’ చివర ఆత్మ, బ్రహ్మం ఒకటేనన్న మాట సూటిగా ఉంది. ఇదంతా మూర్ చక్కగా, గౌరవంగా రాశాడు. వేదాంతంలోని ఏకత్వం, ఎడతెగనితనం తరంగ యాంత్రిక శాస్త్రంలో ప్రతిఫలించాయి అన్న అర్థం వచ్చే వాక్యం కూడా ఉంది.

కానీ ఆ ఒక్క వాక్యం మూర్ అభిప్రాయం. వాట్సాప్‌లో అదే ష్రోడింగర్ మాట అయిపోయింది.

ఓయూ_ఫిజిక్స్
నీలిమ గారితో ఏకీభవిస్తాను, ఇంకొంచెం గట్టిగా చెప్తాను. ఆ వాక్యం దగ్గర మూర్ గీత దాటాడు. 1926 పేపర్లు తెరిచి చూస్తే దారి మొత్తం కనిపిస్తుంది. డి బ్రోయ్ థీసిస్ ఉంది. హామిల్టన్ దాదాపు వందేళ్ల ముందు కాంతికీ యాంత్రిక శాస్త్రానికీ చూపిన పోలిక ఉంది, రెండో పేపరంతా దాని మీదే నడుస్తుంది. డిబై ప్రశ్న, వైల్ సాయం ఉన్నాయి. ఉపనిషత్తు ఎక్కడా అవసరం పడలేదు. ఆయన వేదాంతం నమ్మింది నిజం, సమీకరణం రాసింది నిజం, మొదటిది రెండోదానికి కారణం అనడానికి ఆధారం లేదు. మన ఉపనిషత్తుల గొప్పదనం ఒక సమీకరణం మీద ఆధారపడి లేదు, దాన్ని అలా నిలబెట్టాల్సిన పనీ లేదు.

సీమ_చిన్నోడు
సరే అన్నా, ఒప్పుకుంటాను. కానీ అంత దూరంలో కూర్చుని ఆ మనిషి జీవితాంతం మన తత్వాన్ని పట్టుకున్నాడు అన్నది మాత్రం నాకు పెద్ద విషయమే.

వైజాగ్_నీలిమ
పెద్ద విషయమే. ఇంకోటి కూడా చెప్పనా, ఆయన మన దేశానికి వచ్చేయాల్సిందే. అలహాబాద్ యూనివర్సిటీ ఫిజిక్స్ ప్రొఫెసర్ పదవికి ఆయన ఒప్పుకున్నాడు కూడా.

ఆ రోజుల కథ తెలిస్తే ఆ ఆఫర్ విలువ అర్థమవుతుంది. 1927లో బెర్లిన్‌లో ప్లాంక్ ఖాళీ చేసిన పదవిలోకి వెళ్లాడు. అంతకంటే పెద్ద కుర్చీ ఆ రోజుల్లో ఫిజిక్స్‌లో లేదు. 1933లో నాజీలు రాగానే, తను యూదుడు కాకపోయినా, ఎవరూ పొమ్మనకపోయినా, ఉద్యోగం వదిలి ఆక్స్‌ఫర్డ్ వెళ్లిపోయాడు, ఆ ఏడే డిరాక్‌తో కలిపి నోబెల్ వచ్చింది. 1936లో సొంత దేశం మీద బెంగతో ఆస్ట్రియాలో గ్రాట్స్ వెళ్లాడు. 1938 మార్చిలో హిట్లర్ ఆస్ట్రియాని కలిపేసుకున్నాడు. అప్పుడు ష్రోడింగర్ రాసిన ఒక బహిరంగ లేఖ పేపర్లలో వచ్చింది, ఇన్నాళ్లూ పొరబడ్డాను, ఫ్యూరర్ వెంట నడుస్తాను అన్న ధోరణిలో. 1933లో నిలబడ్డ మనిషి 1938లో అలా వంగాడు. వంగినా లాభం లేకపోయింది, నమ్మదగినవాడు కాదని కొన్ని నెలల్లోనే ఉద్యోగం ఊడబెరికారు. చేతికందిన సామాను పట్టుకుని భార్యతో రోమ్ పారిపోయాడు. తర్వాత ఆ ఉత్తరం పిరికితనంతో రాశానని ఐన్‌స్టీన్‌తో చెప్పుకున్నాడు.

మూర్ ఈ భాగం దాచకుండా రాశాడు, సమర్థించనూ లేదు. పుస్తకంలో నాకు అన్నిటికంటే నచ్చింది ఇదే.

పాతపుస్తకాల_పిచ్చి
ఇది నాకింకా రాలేదు, నేను 1927 దగ్గరున్నాను. అలహాబాద్ విషయం అస్సలు తెలీదు. మాక్స్ బార్న్ 1935-36లో రామన్ పిలుపు మీద బెంగుళూరు ఐఐఎస్సీకి వచ్చి ఆరు నెలలున్నాడని మాత్రం చదివాను. రామన్ ఆయన్ని పర్మనెంట్‌గా ఉంచాలని చూశాడు, కుదరలేదు. క్వాంటం మెకానిక్స్ కట్టినవాళ్లలో ఇద్దరు మన యూనివర్సిటీల్లో పాఠాలు చెప్పే అవకాశం చేజారిపోయిందంటే మనసు చివుక్కుమంటోంది.

ఐర్లండ్_తెలుగమ్మాయి
నేను డబ్లిన్‌లో ఉంటున్నాను, అందుకే రెండో ప్రశ్నకి నేను జవాబిస్తాను.

ఐర్లండ్ ప్రధాని డి వలెరా లెక్కలు చదువుకున్న మనిషి, ష్రోడింగర్ కోసమే అన్నట్టుగా డబ్లిన్ ఇన్‌స్టిట్యూట్ ఫర్ అడ్వాన్స్‌డ్ స్టడీస్ పెట్టించాడు. 1939 నుంచి 1956 దాకా ఆయన ఇక్కడే ఉన్నాడు. 1943లో ట్రినిటీ కాలేజీలో జీవం గురించి ఇచ్చిన ఉపన్యాసాలే ‘వాట్ ఈజ్ లైఫ్’. ట్రినిటీలో ఒక లెక్చర్ థియేటర్‌కి ఆయన పేరుండేది. 2021 చివర్లో ఇక్కడి పత్రికలో పెద్ద వ్యాసం వచ్చింది, ఆయన మైనర్ అమ్మాయిలతో ఎలా ప్రవర్తించాడన్నదాని మీద. 2022లో ఆ పేరు తీసేశారు.

ఆ వ్యాసంలో చాలా భాగం కొత్తగా బయటపడ్డది కాదు. 1989లో మూర్ రాసిన పుస్తకంలోనే ఉంది. ముప్పై ఏళ్లు అందరి అలమరాల్లో ఉన్న సంగతి అది. పద్నాలుగేళ్ల అమ్మాయికి లెక్కల ట్యూషన్ చెప్పడానికి వెళ్లిన ప్రొఫెసర్ ఆమె మీద ఆశ పెంచుకుని, తర్వాత ఆమెతో సంబంధం పెట్టుకున్నాడు. అప్పటికి ఆయనకి నలభై దగ్గరపడింది. డబ్లిన్‌లో పన్నెండేళ్ల పిల్ల మీద మనసు పడ్డానని రాసుకున్నాడు, బయటివాళ్లు హెచ్చరించాకే ఆగాడు. ఇవన్నీ మూర్‌కి డైరీల్లో దొరికాయి. రాశాడు, దానికి మెచ్చుకోవాలి. కానీ ఎలా రాశాడు? ప్రేమకథ చెప్తున్నట్టు రాశాడు. ట్యూషన్ మాస్టారికీ పద్నాలుగేళ్ల పిల్లకీ మధ్య అధికారం ఎవరి చేతిలో ఉందో ఒక్క వాక్యం రాయడానికి ఆయనకి చేతులు రాలేదు. ఆ అమ్మాయి వైపు నుంచి ఏం జరిగిందో కనిపించదు, ష్రోడింగర్ కళ్లతోనే కనిపిస్తుంది. చదువుతుంటే నాకు కోపం వచ్చింది, ఇప్పటికీ వస్తుంది.

సీమ_చిన్నోడు
అక్కా, ఆ కాలం వేరు కదా. 1920ల వియన్నా, జ్యూరిక్ వాతావరణం వేరు. ఇప్పటి కొలతతో కొలిస్తే ఎవరు మిగులుతారు?

ఐర్లండ్_తెలుగమ్మాయి
తమ్ముడూ, కాలం వేరే అయితే డబ్లిన్‌లో ఆ పన్నెండేళ్ల పిల్ల విషయంలో పెద్దవాళ్లు వచ్చి ఎందుకు హెచ్చరించారు? అప్పటివాళ్లకీ అది తప్పని తెలుసు. ఇంకోటి, మూర్ రాసింది 1920ల్లో కాదు, 1989లో. నేను ప్రశ్నిస్తున్నది ఆయన రాసిన తీరుని.

గోదావరి_మాస్టారు
అమ్మాయి చెప్పింది న్యాయం. ముప్పై ఏళ్లకి పైగా క్లాసురూములో ఉన్నవాణ్ణి, ఇందులో రెండో మాట లేదు. పాఠం చెప్పించుకోవడానికి మన ముందు కూర్చున్న పిల్లల మీద అలాంటి చూపు పడిందంటే వాడు ఎంత పెద్ద శాస్త్రవేత్తయినా ఆ ఒక్క విషయంలో మాస్టారు అనిపించుకోడు.

అయితే మూర్ గురించి ఒక మాట. ష్రోడింగర్ కూతురు బతికుండగా, ఆ కుటుంబం దగ్గరున్న కాగితాలు చూసి రాస్తున్న పుస్తకం అది. చాలామంది జీవితచరిత్రకారులు అలాంటి చోట మర్యాద కోసం దాచేస్తారు. ఈయన దాచలేదు. తీర్పు చెప్పడంలో విఫలమయ్యాడు, సాక్ష్యం ఇవ్వడంలో కాదు. 2021లో ఆ వ్యాసం రాసినవాళ్లు నిలబడింది మూర్ ఇచ్చిన సాక్ష్యం మీదే కదా.

ఐర్లండ్_తెలుగమ్మాయి
అది ఒప్పుకుంటాను మాస్టారు. అందుకే పుస్తకం చదవొద్దని నేనెవరికీ చెప్పను. చదివి, ఆ పేజీల దగ్గర మూర్ గొంతు నమ్మొద్దు అంటాను.

వైజాగ్_నీలిమ
నేనూ అక్కడే నిలబడతాను. సైన్స్ చెప్పేటప్పుడు మూర్ ప్రతి మెట్టూ పరీక్షించి ఎక్కుతాడు, ఫలానా ఊహ ఎక్కడ తేలిపోయిందో కూడా చెప్తాడు. 1947 జనవరిలో ష్రోడింగర్ రాయల్ ఐరిష్ అకాడమీలో గురుత్వాకర్షణనీ విద్యుదయస్కాంతత్వాన్నీ ఒకటిగా కలిపే ఏకీకృత క్షేత్ర సిద్ధాంతం సాధించేశానని ప్రకటించి, పేపర్లకెక్కి, ఐన్‌స్టీన్ చేత చివాట్లు తిన్నాడు, వాళ్ల ఉత్తరాలు కొన్నేళ్లు ఆగిపోయాయి. దాన్ని మూర్ ఎక్కడా మెత్తగా రాయలేదు. అదే పరీక్ష ఆ అమ్మాయిల విషయంలో పెట్టుంటే ఈ పుస్తకానికి వంక ఉండేది కాదు.

బయో_శిరీష
నేను మాలిక్యులర్ బయాలజీ. ‘వాట్ ఈజ్ లైఫ్’ గురించి ఎవరూ ఎక్కువ మాట్లాడలేదు కాబట్టి ఒక ముక్క. వంశపారంపర్య సమాచారం అంతా ఒక పెద్ద అణువులో ఉండాలి, అది స్ఫటికంలా గట్టిగా ఉండాలి కానీ ఒకే అమరిక పదేపదే రాకూడదు, తేడాలుంటేనే సంకేతం రాయొచ్చు అని 1943లోనే అన్నాడు. పదేళ్లకి డీఎన్ఏ నిర్మాణం వచ్చింది. వాట్సన్, క్రిక్ ఇద్దరూ ఆ పుస్తకం తమని కదిలించిందని చెప్పారు, 1953లో క్రిక్ తమ పేపర్ల కాపీలు ష్రోడింగర్‌కి పంపాడు. మరోపక్క ప్రోటీన్ల నిర్మాణం మీద పనిచేసిన పెరూట్జ్ లాంటివాళ్లు అందులో నిజమైంది కొత్తది కాదు, కొత్తది నిజం కాదు అన్నారు. నా మటుకు నాకు, కెమిస్ట్రీ తప్పులున్నా ప్రశ్న సరిగ్గా అడిగాడు. ఆ తప్పులేమిటో చూడటానికైనా ఫిజికల్ కెమిస్ట్ రాసిన జీవితచరిత్రే పనికొస్తుంది.

పాతపుస్తకాల_పిచ్చి
చాలా మంచి చర్చ, అందరికీ ధన్యవాదాలు. కొనాలనుకునేవాళ్ల కోసం ఒక మాట, 1994లో దీనికే కుదించిన రూపం వచ్చింది, అందులో లెక్కలు తగ్గాయి. సమీకరణాలతో పనిలేనివాళ్లకి అది చాలు. కెమిస్ట్రీ, ఫిజిక్స్ వాళ్లు మాత్రం 1989 పెద్ద పుస్తకమే పట్టుకోండి, లైబ్రరీలో దొరికినా సరే, 1926 భాగం అందులోనే పూర్తిగా ఉంది.

ఇంటర్_ఎంపీసీ_కుర్రాడు
అన్నా, ఒక్క లాస్ట్ డౌట్. ఎక్కడో చదివాను, ష్రోడింగర్ ముందు ఐన్‌స్టీన్ సాపేక్షతతో కలిపిన సమీకరణమే రాశాడట, కానీ దాన్ని పక్కన పెట్టేశాడట. అంత మంచిది ఎందుకు వదిలేశాడు?

ఓయూ_ఫిజిక్స్
సరిగ్గానే చదివావు. ముందు రాసింది సాపేక్ష సమీకరణమే. హైడ్రోజన్‌కి పెట్టి చూస్తే ప్రధాన గీతలు వచ్చాయి కానీ వాటిలో ఉండే సన్నని చీలికలు, ఫైన్ స్ట్రక్చర్ అంటారు, ప్రయోగంతో సరిపోలేదు. కారణం ఎలక్ట్రాన్ స్పిన్, అంటే ఎలక్ట్రాన్‌కి సహజంగానే ఉండే కోణీయ ద్రవ్యవేగం. స్పిన్ ఊహ అప్పుడే, 1925 చివర్లో, వచ్చింది, ఆయన సమీకరణంలో దానికి చోటు లేదు. అందుకని సాపేక్షత తీసేసి, నెమ్మదిగా కదిలే ఎలక్ట్రాన్‌కి సరిపోయే రూపం అచ్చు వేశాడు, అది అద్భుతంగా కుదిరింది. వదిలేసిన సమీకరణాన్ని అదే 1926లో క్లైన్, గోర్డన్ మరికొందరు విడివిడిగా ప్రచురించారు, ఇప్పుడు వాళ్ల పేరుతోనే ఉంది. అది స్పిన్ లేని కణాలకి సరైన సమీకరణం. ఎలక్ట్రాన్‌కి సాపేక్షత, స్పిన్ రెండూ కలిపి సరిగ్గా రాసింది డిరాక్, 1928లో. ముందు నీ ఇంటర్ పుస్తకంలో నాలుగో క్వాంటం సంఖ్య ఉన్న పేజీ తియ్యి, మొదటి మూడూ తరంగ సమీకరణం నుంచి వస్తాయని, ఆ నాలుగోది అందులోంచి రాదని ఉంటుంది. అక్కణ్ణుంచి రేపు మాట్లాడుకుందాం.